రామ్స్‌బాటమ్ అనే ఇంగ్లీషు ఇంటిపేరు ఎలా వచ్చింది? నిజంగా 'పొట్టేలు పిర్ర' అనేనా అర్థం?

కాదండీ. అయినా మీరు నవ్వుకుంటే తప్పులేదు, నేనూ నవ్వుకున్నాను. మాంచెస్టర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారం, మా టీమ్‌లో ఒక పెద్దాయన ఇంటిపేరు మెయిల్‌లో చూసి ఎవరో ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. ఆయన ఎదుట ఆ పేరు పలకాలంటే రెండు రోజులు టెన్షనే. సంగతి కనిపెట్టేసి, "అది ఊరి పేరు, ఇక్కడికి దగ్గరే. ఓసారి వెళ్లి చూడు" అన్నారు.

వెళ్లాను. మాంచెస్టర్‌కి ఉత్తరాన, బరీ దాటాక ఇర్వెల్ నది ఒడ్డున ఉంది రామ్స్‌బాటమ్. బరీ నుంచి పాతకాలపు ఆవిరి రైలు కూడా వెళ్తుంది. దిగి చుట్టూ చూస్తే సగం జవాబు దొరికినట్టే: పైన హోల్‌కోమ్ కొండ, కింద నది, ఆ పల్లంలో ఊరు. పాత ఇంగ్లీషులో 'బొథ్మ్' అంటే లోయ అడుగు. లాంగ్‌బాటమ్, సైడ్‌బాటమ్, షఫుల్‌బాటమ్ కూడా ఈ బాపతు పేర్లే.

ఇక 'రామ్స్'. పొట్టేలే అనేవాళ్లున్నారు. పాత ఇంగ్లీషు 'హ్రమ్స', అంటే అడవి వెల్లుల్లి అనేవాళ్లూ ఉన్నారు. నాది రెండో పార్టీ. నేను వెళ్లింది ఏప్రిల్ చివర్లో. వాగు పక్కన చెట్ల నీడలో నేలంతా వెడల్పాటి ఆకులు, తెల్లటి పూలు. ఒక ఆకు నలిపి చూస్తే అచ్చం రోట్లో దంచిన వెల్లుల్లి వాసన, సాయంత్రం దాకా వేళ్లను వదల్లేదు. (కోసుకుని తినాలనుకుంటే జాగ్రత్త. లిలీ ఆఫ్ ది వ్యాలీ ఆకు దాదాపు ఇలాగే ఉంటుంది, అది విషం.)

వెల్లుల్లి పల్లం అన్నమాట. మన చింతపల్లివారు, మామిడిపల్లివారు లేరూ!

అయితే ఊళ్లోనే ఉండేవాణ్ణి ఊరి పేరుతో ఎవరూ పిలవరు. అక్కడ అందరిదీ అదే ఊరు కదా. బయటికి వెళ్లి పక్క ఊళ్లో స్థిరపడితేనే 'ఫలానా ఊరివాడు' అంటారు. ఇంగ్లండ్‌లో 1066లో నార్మన్లు వచ్చాక, ముందు దొరల కుటుంబాల్లో తరతరాల ఇంటిపేర్లు పాతుకున్నాయి. 1400 నాటికి మామూలు జనంలోనూ చాలామందికి వచ్చేశాయి. అలా వలస వెళ్లినవాళ్లతో ఊరి పేరూ వెళ్లింది.

ఈ ఇంటిపేరుతో పేరుమోసినవారు జాన్ రామ్స్‌బాటమ్. 1814లో టోడ్‌మర్డెన్‌లో పుట్టిన రైల్వే ఇంజినీరు. రైలు ఆగకుండానే ఇంజన్ నీళ్లు తోడుకునేలా పట్టాల మధ్య తొట్లు పెట్టే పద్ధతి ఆయనదే, 1860 నాటిది. 'రామ్స్‌బోథమ్' అనే స్పెల్లింగూ ఉంది. 1949 నుంచి 1954 వరకు సిలోన్‌కి గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ సోల్‌బరీ అసలు ఇంటిపేరు అదే.

మా పెద్దాయన మాత్రం స్పెల్లింగ్ జోలికి పోలేదు. ఫోన్‌లో పేరు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, అవతలివాళ్లు నవ్వకముందే "ఊరి పేరండీ" అనేస్తారు.