పెరటి రైలుకి బ్యాటరీ, రిమోట్

ప్రశ్న: మా అబ్బాయి కోసం పాత ఎల్‌జీబీ (పెరట్లో నడిపే పెద్ద బొమ్మ రైళ్ల జర్మన్ బ్రాండు) రైలింజను, ఇత్తడి పట్టాలు సెకండ్‌హ్యాండ్‌లో కొని పెరట్లో పరిచాం. రెండు వానలు పడగానే పట్టాలు నల్లబడ్డాయి, బండి ఆగి ఆగి నడుస్తోంది. రోజూ రుద్దలేకపోతున్నాం. బ్యాటరీ, రిమోట్ పెట్టుకోవచ్చా? రెడీమేడ్ కిట్ల ధర చూస్తేనే టెన్షన్ వస్తోంది.
– ఒక పాఠకురాలు, లెస్టర్, ఇంగ్లండ్

జవాబు: తప్పకుండా పెట్టుకోవచ్చండీ. నేనూ బర్మింగ్‌హామ్‌లో మా పెరటి పట్టాలు రుద్ది రుద్ది విసిగిపోయాకే బ్యాటరీకి మారాను. ఇత్తడికి చిలుము పడితే పట్టాల్లోని కరెంటు చక్రాలకి సరిగా అందదు. బ్యాటరీ బండిలోనే ఉంటే చిలుముతో పేచీ లేదు, ఆకులు, మట్టి ఊడిస్తే చాలు.

ఖర్చు తగ్గాలంటే రైళ్ల కిట్ బదులు రిమోట్ కార్ల సామాను కొనండి: 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్, రిసీవర్, మీ ఇంజనులో ఉండే బ్రష్డ్ రకం మోటారుకి సరిపడే స్పీడ్ కంట్రోలర్ (బ్యాటరీకి, మోటారుకి మధ్య ఉండి వేగం మార్చే పరికరం). రేసు కార్ల కంట్రోలర్‌లో వెనక్కి లాగితే ముందు బ్రేకు పడుతుంది, వదిలి మళ్లీ లాగితేనే రివర్స్. పెట్టెల్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ షంటింగ్ ఆడే పిల్లలకి అది చిరాకు. రాళ్లెక్కే క్రాలర్ కార్ల రకం అడగండి, వెంటనే రివర్స్ వస్తుంది. పిస్తోలు ఆకారం రిమోట్ కూడా వద్దు, ట్రిగ్గర్‌ని ఎంతసేపని నొక్కి పట్టుకుంటాడు? బొమ్మ విమానాల రిమోట్‌లో థ్రాటిల్ (వేగం మార్చే) పుల్ల వదిలినా ఉన్నచోటే ఉంటుంది. సిగ్నల్ పోతే బండి ఆగేలా ఫెయిల్‌సేఫ్ మాత్రం సెట్ చేయండి.

బ్యాటరీకి 18650 అనే సైజు లిథియం సెల్స్ మూడు వరసగా కలిపిన, వాటిని కాపాడే ప్రొటెక్షన్ బోర్డు ఉన్న ప్యాక్ చాలు. 11.1 వోల్టులొస్తాయి. కంట్రోలర్ దాన్ని తట్టుకుంటుందో లేదో చూసుకోండి. సెల్స్ సామర్థ్యం 2600 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్లు) అయితే, ఇంజను ఒక ఆంపియర్ లాగినా రెండు గంటలు నడుస్తుంది. వోల్టులు తక్కువ కాబట్టి వేగం కాస్త తగ్గుతుంది, నాకైతే అదే ఇష్టం. మాది గిద్దలూరు. ఎల్‌జీబీ పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు, అంటే మీటర్ గేజ్‌ని 22.5 వంతులు చేసినట్టు. మా గుంటూరు–గుంతకల్లు మీటర్ గేజ్ బండి నల్లమల దాటేటప్పుడు ఎంత నింపాదిగా పోయేదో నాకింకా కళ్లముందే ఉంది.

ప్యాక్‌ని, దాని పక్కనే ఒక ఫ్యూజుని ఇంజను వెనక తగిలించే రైలు పెట్టెలో పెట్టండి. పాత లాప్‌టాప్ సెల్స్ పీకి వాడొద్దు, అగ్గి అంటుకునే ప్రమాదం ఉంది. ప్యాక్‌కి తగ్గ 12.6 వోల్టుల లిథియం చార్జరే వాడండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చార్జింగ్ పెట్టొద్దు.

చక్రాల నుంచి మోటారుకి వెళ్లే వైర్లు కచ్చితంగా తెంపేయాలి. నేను అది మర్చిపోయి, నా బండిని ఒక స్నేహితుడి పెరట్లో కరెంటున్న పట్టాల మీద పెట్టాను. క్షణంలో కంట్రోలర్ పొగలు కక్కింది. మా పాప ఏడుపు నాకింకా గుర్తే.

అన్నీ కలిపాక చక్రాలు పైకుండేలా ఇంజనుని తిరగేసి నడిపి చూడండి. ముందుకి అంటే వెనక్కి తిరుగుతుంటే మోటారు వైర్లు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చండి.