బోటులో హారన్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

బోటు ఫోటోలు చూశాను. ఫైబర్ బాడీ, వెనక మోటారు, వరుసగా తగిలించిన లైఫ్ జాకెట్లు, అన్నీ బాగున్నాయి. జాకెట్ల గురించి నేను చెప్పక్కర్లేదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పటి నుంచి ఆ మాట అందరి నోటా ఉంది. పర్మిషన్, రిజిస్ట్రేషన్ కాగితాలు నీ దగ్గరే ఉంటాయని నమ్ముతున్నా. ఫోటోల్లో నాకు కనిపించంది హారన్. ఫోన్లో అడిగితే "సీటు కింద పెట్టెలో ఉంది మామా, జాకెట్ల అడుగున" అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

జమ్మలమడుగు రోడ్డు మీద హారన్ కొడితే "పక్కకు జరుగు" అని అర్థం. లారీ వెనకాల రాయించి మరీ కొట్టించుకుంటాం. నీళ్ల మీద ఈ అలవాటు అసలు పనికిరాదు. అక్కడ హారన్ ఉన్నది నువ్వేం చేయబోతున్నావో ఎదుటివాడికి చెప్పడానికి. విశాఖ హార్బర్లో పనిచేసిన రోజుల్లో మా సరంగు మొదట నేర్పింది ఇదే. సముద్రంలో ఓడలు గుద్దుకోకుండా 1972లో చాలా దేశాలు కలిసి రాసుకున్న నియమాలున్నాయి. మన రిజర్వాయర్ల కోసం రాసినవి కావు, అయినా కూతల భాష నేర్చుకోవాలంటే అంతకంటే మంచిది లేదు.

పొట్టి కూత అంటే సుమారు ఒక సెకను. పొడుగు కూత నాలుగు నుంచి ఆరు సెకన్లు. ఒక పొట్టి కూత కొడితే నేను కుడికి తిరుగుతున్నానని, రెండు కొడితే ఎడమకని, మూడు కొడితే మోటారు రివర్సులో ఉందని. ఐదుగానీ అంతకన్నా ఎక్కువగానీ గబగబా కొడితే "నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు, చూసుకో" అని. ఈ ఐదు కూతలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

ఇంకొక చిక్కుంది. ఎదురుగా బండి వస్తే రోడ్డు మీద మన చేయి తెలియకుండానే ఎడమకు తిప్పుతుంది. నీళ్ల మీద రెండు మోటారు బోట్లు ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికే తిప్పాలి. బుల్లెట్ నడిపే నీ చేతులకు ఇది ఎక్కడానికి టైం పడుతుంది. అందుకే తిప్పేటప్పుడు ఆ ఒక్క పొట్టి కూత కొట్టడం అలవాటు చేసుకో, ఎదుటివాడు కూడా పొరపాటున ఎడమకు తిప్పకుండా ఉంటాడు.

నువ్వు తిప్పేది గండికోట దగ్గర పెన్నలో కాబట్టి అక్కడి సంగతి కాస్త విడమరచి చెబుతాను. రెండు వైపులా నిట్టనిలువు రాయి, మధ్యలో వంపులు. వంపు అవతల ఏముందో నీకు కనపడదు. వంపు రాకముందే వేగం తగ్గించి ఒక పొడుగు కూత కొట్టు. అవతల బోటు ఉండి, తెలిసినవాడు నడుపుతుంటే అతనూ పొడుగు కూతతోనే జవాబిస్తాడు. అయితే ఆ లోయలో నీ కూత రాళ్లకు తగిలి నీకే వినిపిస్తుంది. అది నీ కూత ఆగీ ఆగకముందే వచ్చేస్తుంది. మనిషి ఇచ్చే జవాబుకు కొంచెం ఆలస్యం అవుతుంది. పైగా ఎటు నుంచి వచ్చిందో చెవికి తెలియదు. కాబట్టి కూత కొట్టాక మోటారు బాగా తగ్గించి, వెనక కూర్చున్న పిల్లల పాటలు కూడా ఆపించి, విను. జవాబు రాలేదంటే అవతల ఎవరూ లేరని కాదు. వల వేసుకునే మనిషి దగ్గర మోటారూ ఉండదు, హారనూ ఉండదు. అతను నీ కూత విని సర్దుకునే టైం ఇవ్వాలి.

ఎప్పుడైనా సంగమేశ్వరం వైపు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌కు తీసుకెళ్తే అక్కడ పుట్టిలో, అంటే గుండ్రటి బుట్టలాంటి చిన్న పడవలో, కూర్చున్న మనిషి నీళ్లకు ఎంత దగ్గరగా ఉంటాడో చూడు. ఎండ కళ్లలో పడితే తల కూడా కనపడదు. పుట్టి దగ్గరకు పోయి ఉన్నట్టుండి హారన్ మోగిస్తే ఉలిక్కిపడి లేస్తాడు, పుట్టి ఒరుగుతుంది. దూరం నుంచే ఒకసారి కొట్టి, వేగం తగ్గించి, చుట్టు తిరిగి పో. చలికాలం పొద్దున మంచు కమ్మితే బయలుదేరకపోవడమే మంచిది. మధ్యలో చిక్కుకుంటే రెండు నిమిషాలు దాటకుండా ఒక పొడుగు కూత కొడుతూ మెల్లగా రావాలి. కదలకుండా ఆగి ఉంటే రెండు పొడుగు కూతలు.

ఇక వస్తువు. నీ బోటు పన్నెండు మీటర్ల లోపుది. ఓడలకు పెట్టే పెద్ద హారన్ నీకు అక్కర్లేదు గానీ, గట్టిగా వినపడే ఏదో ఒకటి ఉండాలన్నదే ఆ నియమం. బ్యాటరీతో మోగేది స్టీరింగ్ పక్కనే, ఎడమ చేతికి అందేలా బిగించు. నోరు ముందుకు ఉండాలి, కొంచెం కిందకు వంచాలి, లేకపోతే వాన నీళ్లు నిలుస్తాయి. వేసవిలో నీళ్లు తగ్గి బోటు ఒడ్డున పడి ఉన్నప్పుడు అందులో కందిరీగలు మట్టిగూడు కడతాయి. జూన్‌లో బటన్ నొక్కితే పిల్లి మూలిగినట్టు వస్తుంది. గుడ్డ చుట్టిపెట్టు. వైరు కొసల్లో పచ్చగా చిలుము పడితే గీకి వాజిలిన్ రాయి.

గ్యాస్ డబ్బా హారన్ కరెంటుతో పనిలేకుండా మోగుతుంది, కానీ మన కడప ఎండకు దాన్ని బోటులో వదిలేసి రాకు. ఎంత వేడి దాటకూడదో డబ్బా మీదే రాసి ఉంటుంది. నిలువుగా పట్టుకుని కొట్టాలి, ఎవరి చెవి దగ్గరా కొట్టకూడదు. బయలుదేరే ముందు ఒక్క పొట్టి కూతతో చూసుకుంటే చాలు, అంతకంటే కొడితే గ్యాస్ దండగ. ఫోటోలు దిగేవాళ్లు సరదాకి నొక్కుతామంటే ఇవ్వకు. రోజూ ఊరికే మోగే హారన్‌ను ఒడ్డునున్నవాళ్లు పట్టించుకోవడం మానేస్తారు.

విజిల్ మాత్రం ప్రతి జాకెట్‌కూ కట్టాలి, లోపల గుండు లేనిదైతే తడిసినా పలుకుతుంది. నీళ్లలో పడ్డ మనిషి అరుపు మోటారు మోతలో వినపడదు, నాలుగు అరుపులకే గొంతు పోతుంది. విజిల్‌కు అంత ఊపిరి అక్కర్లేదు.

ఎక్కినవాళ్లందరికీ హారన్ ఎక్కడుందో వేలితో చూపించు. నువ్వే నీళ్లలో పడితే దాన్ని నొక్కాల్సింది వాళ్లే. ఆపద అంటే లెక్కలేం పెట్టుకోవద్దు, ఆపకుండా మోగించమను. ఒకరు లేచి తూలకుండా, కూర్చునే రెండు చేతులూ పక్కలకు చాపి మెల్లగా పైకీ కిందకీ ఆడించమను, దూరం నుంచి చూసినవాడికి అర్థమవుతుంది.

వచ్చే వారం జమ్మలమడుగు వస్తున్నా. డ్రిల్లింగ్ మిషను, రెండు స్టీల్ బోల్టులు, ఒక ఫ్యూజు తెచ్చి పెట్టు. స్విచ్ ఎక్కడ బిగించాలో నిన్ను సీట్లో కూర్చోబెట్టి చూస్తాను.

మీ మామ