నూనె గింజలు పండించే చిన్న రైతులు నేరుగా మార్కెట్ యార్డులో ఎందుకు అమ్ముకోరు?

ఈ ప్రశ్నకి చాలామంది "రైతుకి అవగాహన లేదు" అని రాసేస్తారు. నేను ఒప్పుకోను. మాది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు పల్లె. ఆదోని యార్డులో బుడ్డల (వేరుశనగ కాయల) ధర ఎంత పలికిందో సాయంత్రానికల్లా ఊరందరికీ తెలుస్తుంది. తెలిసి ఏం లాభం? మా పంట విత్తిన రోజే అమ్ముడైపోయి ఉంటుంది.

మాకు సొంతం రెండెకరాలు, గుత్తకి (కౌలుకి) ఇంకో రెండు. విత్తనానికే ఎకరాకి 60 కిలోల గింజలు కావాలి. సబ్సిడీ విత్తనానికి పొలం పాస్‌బుక్ అడుగుతారు. మాది చనిపోయిన తాత పేరు మీదే ఉంది. గుత్త పొలానికి యజమాని సంతకం పెట్టడు. దాంతో ఊళ్లో వ్యాపారి దగ్గరే విత్తనం అప్పు తెచ్చాం. కాయలు ఆయనకే వేయాలి, అదీ మాట.

ఒక ఏడు సరిగ్గా ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే టైముకి వాన మొహం చాటేసింది. నాలుగెకరాలకి 18 మూటలు. అమ్మ, ఇద్దరు అత్తలు చెట్టు చెట్టుకీ కాయలు తెంపి, కళ్లంలో ఐదు రోజులు ఎండబెట్టారు. వ్యాపారి వచ్చి ఒక కాయ చిదిమి, గింజ కొరికి "తేమ ఉంది" అన్నాడు. మూటకి రెండు కిలోల తరుగు. అమ్మ గుప్పెడు కాయలు ఆయన చెవి దగ్గర ఆడించింది. "గలగలమంటున్నాయి కదన్నా, తేముంటే మోగుతాయా?" ఆయన కాటా వైపు నుంచి తల తిప్పలేదు. 36 కిలోలు, అంటే దాదాపు ఒక మూట, అలా పోయింది.

యార్డుకి పోదామంటే 18 మూటలకైనా 100 మూటలకైనా ట్రాక్టరు బాడుగ ఒకటే. మద్దతు ధర 2025-26కి క్వింటాలు 7,263 రూపాయలు. అది దక్కాలంటే ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పేరుండాలి, తేమ 8 శాతం దాటకూడదు, డబ్బు పడేదాకా ఆగాలి. అప్పులవాడు ఆగడు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2025 మే చివర్లో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద కస్టమ్స్ సుంకం 20 నుంచి 10 శాతానికి దించారు. పట్నంలో నూనె ప్యాకెట్ గురించి మాట్లాడినవాళ్లు బయటి నూనె చవకైతే మా కాయల ధర ఏమవుతుందని అడగలేదు.

ముందు విత్తనం అప్పు తెగాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. మేం రెండేళ్లు ఇంటి ఖర్చు బిగబట్టి పది మూటలు విత్తనానికి దాచుకున్నాం. పోయినేడు పక్క పొలాల వాళ్లు ముగ్గురితో కలిసి ఒకే ట్రాక్టరులో ఆదోనికి వేసుకెళ్లాం. యార్డులో ఇచ్చే అమ్మకం పట్టీలో అమ్మ పేరే రాయించాను.