ఏమ్స్ పరీక్షలో నెగటివ్ వస్తే క్యాన్సర్ భయం లేనట్టేనా?

అన్నగారూ, కావలి దగ్గర మీ రొయ్యల గుంటలో చల్లే మందు కరపత్రంలో ‘ఏమ్స్ పరీక్ష నెగటివ్’ అని ఉన్నందున అది క్యాన్సర్ తెచ్చేది కాదని నమ్మవచ్చా అని అడిగారు, అంతమాత్రాన నమ్మకూడదు. ఈ ప్రయోగశాల పరీక్షలో, హిస్టిడిన్ అనే పోషకం (అమైనో ఆమ్లం) లేనిదే పెరగలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాకు ఆ రసాయనాన్నీ, ఎలుక కాలేయపు ఎంజైములనూ కలిపి హిస్టిడిన్ దాదాపు లేని పళ్లెంలో పోసి, జన్యువు మారి అది లేకుండానే పెరిగిన బ్యాక్టీరియా గుంపులు రెండు మూడు రోజులకు ఎన్ని చుక్కలుగా మొలిచాయో లెక్కిస్తారు కనుక, అది పట్టేది జన్యుమార్పునే; వేరే దారిలో క్యాన్సర్ తెచ్చేవి దానికి చిక్కవు. ఎలుకలపై దీర్ఘకాలం పరీక్షించిన 73 రసాయనాలను ఏమ్స్‌తో సహా నాలుగు స్వల్పకాలిక పరీక్షలతో పోల్చి 1987లో అమెరికాలో ప్రకటించిన ఫలితాల్లో ఒక్కొక్క పరీక్ష ఎలుకల ఫలితంతో సుమారు 60 శాతం రసాయనాల్లోనే సరిపోయింది. నాలుగూ కలిపినా మెరుగుపడకపోవడమే నన్ను ఆశ్చర్యపరిచింది. రక్త క్యాన్సర్ తెచ్చే బెంజీన్ సైతం ఏమ్స్‌లో సాధారణంగా నెగటివే. పాజిటివ్ వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. డీలరును దీర్ఘకాలిక అధ్యయన నివేదిక అడగండి. అది చేతికందే వరకు మందు చల్లేవారికి చేతి తొడుగులు ఇవ్వండి.