ఉబుంటులో ఎక్స్‌ఆర్‌డీపీ: పాస్‌వర్డ్ తీసుకుని నల్ల తెర వస్తుంటే

షాపులోని ఉబుంటు కంప్యూటర్‌కి దూరం నుంచి ఎక్స్‌ఆర్‌డీపీ (వేరే చోటి నుంచి ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ తెరవనిచ్చే ప్రోగ్రామ్) ద్వారా వెళ్తే పాస్‌వర్డ్ తీసుకుని నల్ల తెర వస్తోందని, ఒక్కోసారి మాత్రం డెస్క్‌టాప్ వస్తోందని అడిగారు కదా. పాస్‌వర్డ్ తీసుకుంటోంది అంటే నెట్‌వర్క్ బాగానే ఉంది. పర్లాకిమిడి షాపులో ఉన్న ఉబుంటు కంప్యూటర్‌లో మీరు వాడే యూజర్ పేరుతోనే ముందే లాగిన్ అయి ఉంది. పలాస నుంచి విండోస్ ల్యాప్‌టాప్‌తో మీరు అదే పేరుతో వెళ్తే ఎక్స్‌ఆర్‌డీపీ ఇంకో కొత్త సెషన్ తెరవబోతుంది. ఒకే యూజర్‌కి ఒకేసారి రెండు డెస్క్‌టాప్‌లు గ్నోమ్‌లో (ఉబుంటు వాడే డెస్క్‌టాప్ వ్యవస్థ) కుదరవు. అందుకే నల్ల తెర వచ్చి మూసుకుపోతోంది.

1. షాపులో ఎవరినైనా లాగౌట్ చేయమనండి. తెర లాక్ చేస్తే చాలదు, పూర్తిగా లాగౌట్ కావాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆటోమేటిక్ లాగిన్ ఆపాలి. సెట్టింగ్స్‌లో యూజర్స్‌కి (కొత్త వెర్షన్లలో ఇది సిస్టమ్ లోపల ఉంటుంది) వెళ్లి, అన్‌లాక్ నొక్కి, ఆ స్విచ్ ఆఫ్ చేయండి. మాది కాశీనగర్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా కంప్యూటర్ తనంతట తానే లాగిన్ అయిపోయేది, నిన్న పనిచేసింది ఈరోజు ఎందుకు రావట్లేదని వారం రోజులు టెన్షన్ పడ్డాను. మీరు "ఒక్కోసారి వస్తోంది" అన్నారు కదా, కారణం ఇదే అనుకుంటున్నాను.

3. షాపులో కుర్రాడు బిల్లులు కొడుతూనే ఉండాలంటే, మీకోసం వేరే యూజర్ పెట్టుకోండి. అప్పుడు ఎవరి డెస్క్‌టాప్ వారిదే. నాకైతే ఇదే మేలనిపిస్తుంది.

ఒక్క మాట: రౌటర్‌లో 3389 పోర్టు (ఎక్స్‌ఆర్‌డీపీ కనెక్షన్ వచ్చే దారి) బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే దయచేసి వెంటనే మూసేయండి. వైర్‌గార్డ్ (రెండు చోట్ల మధ్య సురక్షితమైన సొంత దారి ఇచ్చే వీపీఎన్) పెట్టుకుని దాని లోపలి నుంచే కనెక్ట్ అవ్వండి.