గోళ్ళ రంగు ఉండనీ, హోమ్ రన్ తీసెయ్

నాయనా,

నీ నవలిక అందింది. మూడో పేజీలో, బేస్‌బాల్‌లో బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ అయిన నీ కథానాయకుణ్ణి పరిచయం చేస్తూ "మన క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు" అన్నావు. తెలియని ఆటను పాఠకుడికి దగ్గర చెయ్యడానికి అన్నావేమో అనుకుని ముందుకు వెళ్ళాను. కానీ చివరి పేజీ దాకా నువ్వు అతన్ని వికెట్ కీపర్‌గానే చూశావు. బంతి వస్తుంది, పట్టుకుంటాడు, తిరిగి విసురుతాడు, అంతే. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

క్రికెట్‌లో ఏ బంతి వెయ్యాలో నిర్ణయించుకునేది బౌలరు. బేస్‌బాల్‌లో ప్రతి బంతికీ ముందు ఆలోచించాల్సినవాడు క్యాచర్. ఈ బ్యాటర్ నిన్న ఏ బంతికి తడబడ్డాడు, ఇవాళ కాళ్ళు ఎక్కడ పెట్టాడు, బంతి వేసే పిచ్చర్ భుజం ఎంత అలిసింది, పరుగు తీసేవాళ్ళు ఆగే బేస్‌ల మీద ఎవరున్నారు, ఇవన్నీ చూసుకుని, నీ కథ నడిచే 2019 నాటికి, ఏ బంతి వెయ్యాలో తొడల మధ్య వేళ్ళతో సంకేతం ఇచ్చేవాడు. పిచ్చర్ ఒప్పుకుంటే బంతి వస్తుంది, తల అడ్డంగా ఊపితే మరో సంకేతం. ఒక ఆటలో 140, 150 సార్లు ఇది జరుగుతుంది. మిగతా ఎనిమిదిమందికీ ఎదురుగా కూర్చుని మైదానం మొత్తాన్ని చూసేవాడు అతనొక్కడే. అలాంటి మనిషి తలలో ఏం నడుస్తోందో నీ నవలికలో ఒక్క వాక్యం లేదు.

వెనిజువెలాలో పదహారేళ్ళకు ఒప్పందం మీద సంతకం చేసిన కుర్రాడు, 2019 నాటికి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, అగ్రశ్రేణి మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కింద ఉండే డబుల్ ఏ మైనర్ లీగ్ జట్టుకు చేరాడు. ఆ ఎదుగుదలను నువ్వు బ్యాటింగ్ సగటుతో చెప్పావు. రూకీ లీగ్‌లో ఇంత, సింగిల్ ఏలో ఇంత, ఇక్కడ ఇంత. ఆ అంకెలు స్కోరుకార్డులో దొరుకుతాయి, వాటి కోసం నువ్వు అక్కర్లేదు. మనిషిని రాయాలంటే అతని పనిని రాయాలి. పనిలోనూ లెక్కకు రాని భాగాన్ని రాయాలి. రాయడం మొదలుపెట్టిన నాటి నుంచీ నేను పట్టుకుని ఉన్నది ఈ ఒక్క నమ్మకాన్నే.

ఒక సన్నివేశం చెప్తాను. మూడో బేస్‌లో, పరుగుకు ఒక్క అడుగు దూరంలో, రన్నర్ ఉన్నాడు. బ్యాటర్‌ని ఔట్ చెయ్యాలంటే బ్యాటర్ పక్కన నేల మీద ఉండే ప్లేట్ ముందు మట్టిలోకి దిగిపోయే స్లైడర్ అనే బంతి వెయ్యాలి. అది క్యాచర్‌ను దాటి వెనక్కి పోతే పరుగు ఖాయం. అలాంటప్పుడు క్యాచర్ ఆ బంతినే అడిగాడంటే, దాన్ని చేత్తో పట్టలేకపోయినా ఛాతీతో, భుజంతో, మెడతో ఆపి తన ముందే పడేస్తానని మాట ఇచ్చినట్టు. పిచ్చర్ నమ్మితే మణికట్టు పూర్తిగా తిప్పి వేస్తాడు. నమ్మకపోతే కాస్త పైకి వేస్తాడు, అది గోడ దాటుతుంది. తప్పు పిచ్చర్ ఖాతాలో పడుతుంది. మైనర్ లీగ్‌లలో క్యాచర్ మెట్టు ఎక్కేది ఇక్కడ. "నేను వేసేటప్పుడు వెనక అతనే ఉండాలి" అని ఒక పిచ్చర్ కోచ్ దగ్గరికి వెళ్ళి అడిగిన రోజున ఎక్కుతాడు. నీ నవలికలో పిచ్చర్లు వచ్చి బంతులు వేసి వెళ్ళిపోతారు. ఒక్కడికీ పేరు లేదు.

భాష సంగతీ అంతే. దూరంగా గోడ దగ్గర నిలబడే అవుట్‌ఫీల్డర్ ఇంగ్లీషు రాకపోయినా కొంతకాలం నెట్టుకు రాగలడు. క్యాచర్‌కు ఆ వీలు లేదు. కంగారుపడుతున్న పిచ్చర్ దగ్గరికి, అతను బంతి వేసే మట్టి దిబ్బ (మౌండ్) మీదికి నడిచి వెళ్ళి, అర నిమిషంలో అతని గుండె దిటవు చెయ్యాలి, అదీ తనది కాని భాషలో. ముందుమాటలో నువ్వు పేరున్న క్యాచర్ మైక్ పియాజా కొట్టిన 427 హోమ్ రన్ల (బంతిని గోడ దాటించే దెబ్బల) గురించి రాశావు. లెక్క సరైనదే. 1988లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు కొత్త ఆటగాళ్ళ ఎంపికలో అతన్ని 62వ రౌండులో, 1,390వ ఆటగాడిగా తీసుకుంది. అదీ అతని తండ్రికి మేనేజర్ టామీ లసోర్డాతో ఉన్న స్నేహం కొద్దీ. ఫస్ట్ బేస్ ఆడే ఆ అమెరికా కుర్రాడు క్యాచర్ పని నేర్చుకోవడానికి డొమినికన్ రిపబ్లిక్‌లో ఆ జట్టు నడిపే శిక్షణ కేంద్రానికి వెళ్ళాడు. చుట్టూ స్పానిష్. నీ కుర్రాడు స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చాడు. ఆ రెండు ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూడాలని నీకు తోచలేదా?

గోళ్ళ రంగు దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. దీపాలు సరిగా వెలగని చిన్న ఊరి మైదానంలో, తన వేళ్ళు పిచ్చర్‌కు కనబడాలని అతను గోళ్ళకు మెరిసే రంగు వేసుకుని బస్సెక్కుతాడు. అంగడిలో ఆ సీసా కొనేటప్పుడు పడిన సిగ్గు కూడా రాశావు. అది ఎవరినో అడిగి తెలుసుకున్నదో, కళ్ళారా చూసినదో గానీ, చాలా బాగుంది. దాని పక్కనే ఫ్రిస్కో మైదానంలో కుడివైపు గోడ వెనక నీళ్ళలో తేలుతూ ఆట చూసే జనం గురించి రెండు పేజీలు ఎందుకు? మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా నేనూ అక్కడికి వెళ్ళేవాణ్ణి. మన తెలుగు కుటుంబాలు పిల్లలతో వచ్చి ఆ నీళ్ళనే చూస్తాయి. నువ్వు కూడా అటే చూస్తే ఎలా?

నాకు ఒకటి గుర్తొస్తోంది. పద్యనాటకాల్లో హార్మోనిస్టు మీద ఒక కథ రాశాను. నటుడు ఊపిరి తీసుకునే చోట రాగాన్ని పడిపోకుండా పట్టుకునేది, శ్రుతి జారుతుంటే వేలితో సర్దేది, పద్యం మరిచిపోతే ఎత్తుగడ అందించేది అతనే. "వన్స్‌మోర్" మాత్రం నటుడికి. ఆ కథను ఒక వారపత్రికకు పంపితే సంపాదకుడు హార్మోనియం భాగమంతా కొట్టేశాడు. పాఠకులకు ఇవి పట్టవన్నాడు. చివర్లో హార్మోనిస్టే వేదికెక్కి పద్యం పాడి "వన్స్‌మోర్" కొట్టించుకున్నట్టు ఎవరిచేతో రాయించి, నా పేరుతో అచ్చువేశాడు. ఆ సంచికను నేనింట్లో ఉంచుకోలేదు. ఆ రోజుల్లో నాకు వేరే ఆదాయం లేదు, వచ్చిన పారితోషికాన్ని తిప్పి పంపాను. ఇప్పుడు ఈ "స్ఫూర్తిగాథల" రోజుల్లో అలాంటి సంపాదకులకు కొదవే లేదు. పనిని తీసేసి చప్పట్లను మిగిల్చే ఈ అలవాటు మన కథను ఎంతగా పాడుచేసిందో నువ్వు చదివే పుస్తకాల్లోనే కనబడుతుంది.

వాస్తవాల్లో ఒకటి దిద్దుకోవాలి. 2019లో అతనికి జట్టు ఇల్లు ఇచ్చినట్టు రాశావు. మైనర్ లీగ్ ఆటగాళ్ళకు అన్ని జట్లూ వసతి కల్పించడం మొదలైంది 2022లో. సంఘం పెట్టుకుని 2023లో మొదటి ఉమ్మడి ఒప్పందం కుదుర్చుకున్నాకే డబుల్ ఏలో కనీస వేతనం ఏడాదికి 13,800 డాలర్ల నుంచి 30,250కి పెరిగింది. కాబట్టి నీ కుర్రాడు నలుగురితో కలిసి ఇరుకు గదిలో, గాలి పరుపు మీద పడుకోవాలి. మోకాళ్ళు వంగని స్థితిలో, ఆట కోసం టెక్సస్‌లోనే ఉన్న మిడ్‌ల్యాండ్‌కు రాత్రి బస్సెక్కాలి.

బంతి స్ట్రైకా (బ్యాటర్ కొట్టదగ్గ చోట పడిందా) కాదా అని తేల్చే యంత్రం వచ్చాక ఈ కథ పాతబడదా అని అడిగావు. పాతబడదు. 17 అంగుళాల ప్లేట్ అంచున పడిన బంతిని స్ట్రైక్‌గా కనబడేలా చేతుల్లోకి తీసుకోవడం క్యాచర్ కళ. 2026 నుంచి మేజర్ లీగ్‌లోనూ అంపైర్ నిర్ణయాన్ని యంత్రం ముందు సవాలు చెయ్యవచ్చు. ఆ హక్కున్న ముగ్గురిలో బ్యాటర్, పిచ్చర్‌లతోపాటు క్యాచర్ కూడా ఉన్నాడు. ఆటకు ఒక్కో జట్టుకు రెండే సవాళ్ళు, గెలిస్తే అవి మిగులుతాయి. ఏ బంతికి వాడాలో, దేనికి ఊరుకోవాలో ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. అతని తలకు పని ఇంకా పెరిగింది.

ఇక చివరి అధ్యాయం. మేజర్ లీగ్‌లో మొదటి రోజే హోమ్ రన్ కొట్టించావు. తీసెయ్. ఆ హోమ్ రన్ నా కథకు ఆ సంపాదకుడు అతికించిన "వన్స్‌మోర్" లాంటిదే. నీ చేత అది రాయించింది ఏ సంపాదకుడూ కాదు, నువ్వే రాసుకున్నావు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. మిడ్‌ల్యాండ్ అధ్యాయాన్ని మళ్ళీ రాయి. మూడో బేస్‌లో రన్నర్‌ను నిలబెట్టు, పిచ్చర్‌కు ఒక పేరు పెట్టు, అతను ఆ స్లైడర్ వేస్తాడో లేదో నువ్వే తేల్చు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేలా పంపు, నాకు చూపు తగ్గింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు