ఎఫ్‌డీ ముట్టుకోకుండానే అమ్మానాన్నల్ని ఢిల్లీ తీసుకెళ్లండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 62,000 చేతికి వస్తుంది. బండి ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 47,000. మిగతా 15,000 ఎటు పోతోందో తెలియడం లేదు. నాన్నగారికి 71, షుగర్ ఉంది. అమ్మకు 66, బీపీ ఉంది. పాప రెండో తరగతి. ఈ దసరా సెలవుల్లో అయిదుగురం ఢిల్లీ వెళ్లాలని ఉంది. నాన్నగారి మోకాళ్ల నొప్పులు చూస్తుంటే ఇప్పుడు కాకపోతే ఇక కుదరదేమోనని భయంగా ఉంది. ప్యాకేజీ 1,35,000 అన్నారు. ఉన్న ఎఫ్‌డీ 80,000 తీసేసి, మిగతా 55,000 క్రెడిట్ కార్డు మీద నగదు తీసుకుని నెలకు 3,000 చొప్పున కడదామనుకుంటున్నాను. ఆఫీసు హెల్త్ పాలసీలో అమ్మానాన్నలు లేరు. రైలు టికెట్‌తో ఇన్సూరెన్స్ వస్తుంది కదా, అది చాలదా?

జవాబు: చాలదు. చివరి ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. పెద్దవాళ్లతో ప్రయాణమనగానే చాలామంది చేస్తున్న పొరపాటు ఇదే.

టికెట్ బుక్ చేసేటప్పుడు టిక్ పెడితే వచ్చే ఆ బీమా రైలు ప్రమాదాలకు మాత్రమే. ఢిల్లీలో హోటల్ మెట్ల మీద అమ్మ జారి పడినా, రాత్రి నాన్నగారికి షుగర్ పడిపోయినా దాని నుంచి రూపాయి రాదు. టిక్ పెట్టండి, ఖర్చు పైసల్లోనే. కానీ దాన్ని చూసుకుని ధైర్యంగా ఉండకండి.

ఇప్పుడు మీ ప్లాన్ చూద్దాం. షుగర్, బీపీ ఉన్న ఇద్దరు పెద్దవాళ్లను, వాళ్లకు ఏ పాలసీ లేకుండా, ఊరు కాని ఊరు తీసుకెళ్తున్నారు. వెళ్లే ముందు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఎఫ్‌డీ ఖాళీ చేస్తున్నారు. క్రెడిట్ కార్డు పరిమితిలో కూడా 55,000 వాడేస్తున్నారు. అంటే డబ్బు అవసరం పడే అవకాశం బాగా ఎక్కువగా ఉన్న ఆ వారంలోనే మీ చేతిలో ఏమీ ఉండదు. ప్యాకేజీ ధర ఎక్కువా తక్కువా అన్నది నాకు తర్వాతి సంగతి.

కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లికి వేరే ఊరు వెళ్లినప్పుడు మా అత్తగారికి అర్ధరాత్రి ఊపిరాడలేదు. దగ్గర్లోని ఆసుపత్రిలో ముందు డిపాజిట్ కట్టమన్నారు. పాలసీ ఉంది. కానీ నగదు రహిత చికిత్సకు అనుమతి తెల్లారాక గానీ రాలేదు. సేవింగ్స్ ఖాతాలో 50,000 ఉండబట్టి సరిపోయింది. అప్పుడు అది లేకపోతే ఏం చేసేవాళ్లమో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. పాలసీ ఉన్నా అత్యవసర నిధి కావాలని నేను ప్రతి ఒక్కరికీ పట్టుబట్టి చెప్పేది అందుకే. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు అంటే 2,82,000 ఉండాలి. ఉన్నది 80,000. రెండు నెలలకు కూడా చాలదు. అందులోంచి ఢిల్లీకి ఒక్క రూపాయి తీయొద్దు.

ఇక కార్డు మీద నగదు. ఈ మాట చదివి నిజంగా బాధేసింది. వస్తువు కొంటే ఉండే వడ్డీలేని రోజులు నగదుకు ఉండవు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు, పైగా నగదు తీసినందుకు విడిగా రుసుము. నెలకు 3.5 శాతం చొప్పున 55,000కు మొదటి నెల వడ్డీ 1,925. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,270 దాటుతుంది. మీరు కట్టే 3,000లో అసలుకు వెళ్లేది దాదాపు 730 రూపాయలు. ఇలా కడుతూ పోతే తీరడానికి 35 నెలలు పడుతుంది, మొత్తం కట్టేది లక్షా అయిదు వేలు. పాప అయిదో తరగతికి వచ్చేసరికి కూడా ఈ దసరా ట్రిప్పుకు వాయిదాలు కడుతూనే ఉంటారు. వద్దు. పర్సనల్ లోన్ వడ్డీ తక్కువే, అయినా విహారానికి వద్దు. బంగారం తాకట్టు పెట్టడం, చీటీ నష్టానికి పాడుకోవడం కూడా వద్దు.

నాన్నగారి మోకాళ్ల గురించి మీరు రాసింది నాకు అర్థమైంది. ఏళ్లకేళ్లు ఆగమని చెప్పను. దసరా బదులు ఫిబ్రవరి నెలాఖరున వెళ్లండి. పెద్దవాళ్లు ఓపిగ్గా తిరగగలిగే వాతావరణం అది. జనవరి పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, ఆ బాధ కూడా తగ్గుతుంది. రెండో తరగతి పాపకు వారం బడి పోయినా ఇబ్బంది లేదు.

ఈ ఆరు నెలల్లో చేయాల్సినవి చెబుతాను. నాన్నగారికి 70 దాటాయి కాబట్టి కేంద్ర ప్రభుత్వ ఉచిత చికిత్స పథకం కింద ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. ఆదాయంతో సంబంధం లేదు, ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స, ముందు నుంచి ఉన్న షుగర్‌కు వేచి ఉండే కాలం కూడా లేదు. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్‌తో చేసుకోవచ్చు. ఢిల్లీలోనూ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో పనిచేస్తుంది. బయలుదేరే ముందే బస దగ్గర అలాంటి ఆసుపత్రి ఏదో చూసి ఫోన్‌లో రాసుకోండి. అయితే ఇది అడ్మిషన్ అయితేనే. ఆసుపత్రిలో చేరకుండా చూపించుకుంటే డాక్టర్ ఫీజు, మందులు, అర్ధరాత్రి ట్యాక్సీ మీ జేబులోంచే.

అమ్మకు 66 కాబట్టి ఆ కార్డు రాదు. ఆమె పేరు మీద విడిగా సీనియర్ సిటిజన్ పాలసీ తీసుకోండి. మొదటి రెండు నెలల మిగులు, అంటే 30,000, దీనికే పక్కన పెట్టండి. ప్రీమియం పోగా మిగిలితే ఎఫ్‌డీ పక్కన వేయండి. మామూలుగా జబ్బులకు మొదటి 30 రోజులు కవర్ ఉండదు, దసరా వద్దనడానికి ఇదీ ఒక కారణం. బీపీ సంగతి ఫారంలో తప్పకుండా రాయండి. దాచిపెడితే క్లెయిమ్ అప్పుడు ఏడవాల్సి వస్తుంది. రాస్తే దానికి సంబంధించిన చికిత్సలకు మహా అయితే మూడేళ్లు ఆగాలి, అంతే. మిగతావాటికి పాలసీ పనిచేస్తూనే ఉంటుంది. ఆ బీపీ భాగానికి మళ్లీ మీ నిధే దిక్కు.

తర్వాతి నాలుగు నెలల మిగులు 60,000. అందులో 45,000 ప్రయాణానికి, 15,000 నిధికి. జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మార్చేయండి, అప్పుడు ఆ 15,000 ఎటు పోతోందన్న ప్రశ్నే ఉండదు. వెళ్లేనాటికి నిధి 95,000 అవుతుంది. వచ్చాక కూడా 2,82,000 చేరేదాకా ఆపకండి. ఏడాది పైన పడుతుంది.

45,000లో ఢిల్లీ అవుతుందా అంటే, ప్యాకేజీ లేకుండా అవుతుంది. త్రీ ఏసీలో అయిదుగురికి రానూపోనూ 20,000 అనుకోండి. సీనియర్ల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, లెక్కలో దాన్ని పెట్టుకోవద్దు. పాపకు బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే. అమ్మానాన్నలకు విడిగా ఒక టికెట్, సీనియర్ సిటిజన్ కోటాలో తీయండి, కింది బెర్తులు దొరికే అవకాశం ఎక్కువ. మెట్రో స్టేషన్‌కు దగ్గరగా, లిఫ్టు ఉన్న చోట రెండు గదులు నాలుగు రాత్రులకు 12,000. భోజనాలు, తిరగడం కలిపి 13,000. ఏపీ భవన్ క్యాంటీన్ ఉంది, పెద్దవాళ్లకు మన భోజనం దొరుకుతుంది.

ఉదయం ఒక్క చోటు, మధ్యాహ్నం విశ్రాంతి. ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, రైలు మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి, ఆ రోజు కుతుబ్ మీనార్ పెట్టుకోండి. ఎర్రకోట, కుతుబ్‌లలో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యానం ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెరుస్తారు, ప్రవేశం ఉచితం. ఢిల్లీ అంతటిలో తాతయ్య, నానమ్మ, మనవరాలు ముగ్గురికీ ఒకేలా నచ్చే చోటు అదేనని నా అభిప్రాయం.

రైలు బుకింగ్ 60 రోజుల ముందే తెరుస్తారు. ఫిబ్రవరి 20న బయలుదేరాలంటే డిసెంబరు 22న టికెట్లు తీయాలి. ఆలోపు అమ్మ పాలసీ కాగితం మీ చేతిలో ఉండాలి. నాన్నగారి కార్డుకు మాత్రం ఈ ఆదివారమే ఆధార్ తీసి కూర్చోండి.